వాళ్ళ మగ్గాలు చూసొచ్చాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"యూరప్ పోయొచ్చినవు గద, ఎట్ల పోయినవో జర చెప్పు" అని సంఘం వాళ్ళు అడిగారు. ఒప్పుకున్నాను గాని భయంగానే ఉంది. పారిస్ ఏ నది ఒడ్డున ఉందని భూగోళం సారు అడిగితే గోదావరి అని చెప్పి బెంచీ ఎక్కినవాణ్ణి నేను. ఆ సారు ఇప్పుడు ముందు వరుసలోనే ఉన్నారు. సార్, సీన్ నది. ఈసారి కళ్ళతో చూసి వచ్చాను.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేరి కంట్రోలరుగా రిటైరయ్యాను. చదివింది తెలుగు మీడియం. మా ఇంటామె ముప్పై ఏళ్ళు ఆసు పోసింది. మల్లేశం గారి ఆసు యంత్రం మా ఇంటికి వచ్చేదాకా ఒక చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించేది. ఆ కుడి భుజం నొప్పి ఇంకా పోలేదు. ఈ ప్రయాణం మాట మొదట ఎత్తింది ఆమే. 2021 డిసెంబరులో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో మన పోచంపల్లికి ఉత్తమ పర్యాటక గ్రామం గుర్తింపు ఇచ్చారు కదా, ఆ తర్వాత మా గల్లీకి విదేశీయులు రావడం ఇంకా ఎక్కువైంది. ఒకరోజు ఎవరో దంపతులు వచ్చి ఆమె చిటికి కడుతుంటే గంటసేపు ఫొటోలు తీసుకొని పోయారు. వాళ్ళు పోయినంక ఆమె అన్నది: "వాళ్ళొచ్చి మన ఇల్లంత చూసిపోతున్నరు. మనం వాళ్ళ ఇండ్లు ఎప్పుడు చూస్తం?"

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. డబ్బు కూడా పెద్దగా లేదు. ఒక టూరు కంపెనీని అడిగితే పది రోజులకు ఇద్దరికీ ఐదున్నర లక్షలు అన్నారు. పది రోజుల్లో ఆరు దేశాలు. మా డిపోలో ఎక్స్‌ప్రెస్ బస్సు కూడా అంత తొందరపడదు.

అందరూ అడిగేది ఎంతైందనే కాబట్టి అదే ముందు చెప్తాను. 2025 మే నెలలో పదిహేను రాత్రులు తిరిగాం. ఇద్దరికీ కలిపి 3,18,000 రూపాయలు. విమానం 1,08,000. వీసాలు 20,000. ఇన్సూరెన్సు 7,000. బసకు 90,000. అక్కడి రైళ్ళు, బస్సులు, ఓడ, ఒక చిన్న విమానం కలిపి 50,000. తిండికి 32,000. టికెట్టు పెట్టి చూసిన చోట్లకు 11,000. యూరో 96 రూపాయల లెక్క.

ఇందులో చేర్చని ఖర్చు ఒకటుంది. అదొక ఇరవై వేలు. మొదటిసారి మా వీసా తిరస్కరించారు. సిగ్గుపడి చాలామందికి చెప్పలేదు, ఇవాళ చెప్తున్నాను.

పట్నంలో ఒక ఏజెంటు అన్నీ తానే చూసుకుంటానన్నాడు. నా ఖాతాలో ఉన్నది చూసి, "ఇది చాలదు, ఒక ఐదు లక్షలు వేయించండి" అన్నాడు. మా అబ్బాయి, అల్లుడు కలిసి వారం ముందు వేశారు. హోటల్ బుకింగులు కూడా ఏజెంటే పెట్టాడు, అవి ఉత్తుత్తివని తర్వాత తెలిసింది. నెల తిరక్కుండా పాస్‌పోర్టులు వచ్చాయి, వాటితో ఒక కాగితం. మేము చెప్పిన ప్రయాణ కారణం నమ్మదగ్గట్టు లేదని దాంట్లో టిక్కు పెట్టి ఉంది. ముప్పై మూడేళ్ళు ఒక్క టికెట్టు తప్పు కొట్టనివాణ్ణి, నమ్మదగనివాణ్ణి అయిపోయాను. రెండు రోజులు అన్నం సయించలేదు.

తర్వాత తెలుసుకున్నది ఇది. ఫ్రాన్స్ వాళ్ళు హోటల్ బుకింగ్ ఉంటే మనిషికి రోజుకు 65 యూరోల లెక్కన డబ్బు చూపమంటారు. మా ఇద్దరికి పదహారు రోజులకు దాదాపు రెండు లక్షలు. నా దగ్గర ఫిక్స్‌డ్ డిపాజిట్లోనే అంతకంటే ఎక్కువ ఉంది! వారంలో పుట్టుకొచ్చిన ఐదు లక్షల కంటే, ఏళ్ళ నుంచి ఉన్న రెండున్నర లక్షలకు విలువ ఎక్కువ. అప్పు అడగడానికి వచ్చినవాడు మెడలో కొత్త గొలుసు వేసుకొస్తే మనం మాత్రం నమ్ముతామా?

రెండోసారి ఏజెంటు లేడు. ఫ్రాన్స్ ప్రభుత్వ వెబ్‌సైట్లో ఫారం మా మనవరాలు నింపింది, పక్కన కూర్చొని ఒక్కో గడి నేను చదివించుకున్నాను. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, డిపాజిట్ రసీదు, పెన్షన్ కాగితం, ఇంటి పన్ను రసీదు, మా అబ్బాయి ఖర్చులో భాగం పంచుకుంటానని రాసిన ఉత్తరం, అతని ఆదాయపు పన్ను రిటర్నులు జతచేశాం. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ఇన్సూరెన్సు తప్పనిసరి. హోటళ్ళు నిజంగానే బుక్ చేశాం, వద్దనుకుంటే డబ్బు కోత లేకుండా రద్దు చేసుకునేవి. ఇంతకుముందు తిరస్కరించారన్న సంగతి దాచలేదు. ఒక పేజీ ఉత్తరం నేనే రాశాను: మాది నేత ఊరు, నా భార్య నేత పని చేసింది, లియోన్ పట్టణంలో పాత మగ్గాలు చూడాలని ఉంది, మళ్ళీ వచ్చి మా ఇంట్లోనే ఉంటాం అని. మా అబ్బాయి దాన్ని ఇంగ్లీషులో పెట్టాడు. ఆ ఉత్తరమే పని చేసిందో, కాగితాలే పని చేశాయో గాని వీసా వచ్చింది.

ఇక్కడొక నియమం గుర్తుపెట్టుకోండి. షెంగెన్ అనే ఈ ఒక్క వీసాతో 29 దేశాలు తిరగొచ్చు. ఇంగ్లండు, ఐర్లాండు అందులో లేవు. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. మేము ఫ్రాన్స్‌లో తొమ్మిది రాత్రులు పెట్టుకున్నాం కాబట్టి ఫ్రాన్స్‌కు పెట్టాం. ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు, పదిహేను రోజుల ముందుకంటే ఆలస్యం కాకూడదు. వేసవి సెలవుల్లో వేలిముద్రల అపాయింటుమెంటు దొరకడమే కష్టం.

రూటు వేయడం మాత్రం నా సొంత విద్య. పోయిన చోటికే తిరిగి రావద్దన్నది మొదటి సూత్రం. పారిస్‌లో దిగి బార్సిలోనాలో ఎక్కేట్టు ఒకే టికెట్టు తీసుకుంటే వెనక్కి వచ్చే ఖర్చు, ఒక రోజు మిగిలాయి. రెండోది, ఊళ్ళు తగ్గించుకోవడం. ఊరు మారిన ప్రతిసారీ టికెట్టు ఖర్చు, మోకాళ్ళ నొప్పి రెండూ ఉంటాయి.

పారిస్‌లో మంగళవారం దిగాం. అక్కడ వారం పాసు సోమవారం నుంచి ఆదివారం దాకా చెల్లుతుంది, మనం కొన్న రోజు నుంచి ఏడు రోజులు కాదు. 2025లో మేము పోయినప్పుడు అది 31 యూరోల 60 సెంట్లు ఉండేది, కార్డుకు ఇంకో 5. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి ఒక్కసారి పోవడానికే అప్పుడు 13 యూరోలు ఉండేది, కాబట్టి వారం మొదట్లో దిగితే లాభం, శుక్రవారం దిగితే దండగ. ఊరి బయట చవక గది తీసుకున్నా ఆ పాసే సరిపోతుంది. నోట్రడామ్ చర్చి మంటల్లో కాలి, బాగుచేసి 2024 డిసెంబరులో మళ్ళీ తెరిచారు, లోపలికి ఉచితం. పారిస్ చరిత్ర చెప్పే కార్నవాలె మ్యూజియం శాశ్వత ప్రదర్శన కూడా ఉచితం. ఈఫిల్ టవర్ కింద నుంచే చూశాం, ఎక్కాలని మాకిద్దరికీ అనిపించలేదు.

తిండి సంగతి. వంటగది ఉన్న గదులే తీసుకున్నాం. బియ్యం, పప్పు అక్కడే దొరుకుతాయి. సకినాలు, పల్లి పొడి, మామిడికాయ తొక్కు ఇక్కడి నుంచే. పాల పదార్థాలు, మాంసం యూరప్ లోపలికి రానివ్వరు, నెయ్యి సీసా ఇంట్లోనే పెట్టి పొండి. నల్లా నీళ్ళు తాగొచ్చు, సీసాలు కొనకండి. కార్డు గీకేటప్పుడు రూపాయల్లోనా యూరోల్లోనా అని మిషను అడుగుతుంది. రూపాయలని నొక్కితే మారకం రేటు వాళ్ళిష్టం. యూరోలే నొక్కండి.

ఇక లియోన్. పారిస్ నుంచి రైలులో రెండు గంటలు. ముందుగా కొంటే చవక రైలు ఉంది, మాకు మనిషికి 25 యూరోలు పడింది. అక్కడ క్రువా రూస్ అనే గుట్ట మీద పేట అంతా ఒకప్పటి పట్టు నేతగాళ్ళది. మన మగ్గాల పైన కూర్చునే జకార్డు ఉంది కదా, ఆ పేరున్న మనిషి జోసెఫ్ మేరీ జకార్డ్ పుట్టింది ఆ ఊళ్ళోనే, 1752లో. చిల్లుల అట్టలతో ఆడే ఆ యంత్రాన్ని 1804లో తయారుచేశాడు. అది పట్టాలంటే ఎత్తు కావాలి, అందుకే అక్కడి ఇళ్ళ పైకప్పులు దాదాపు 4 మీటర్ల ఎత్తుంటాయి. ఇళ్ళ మధ్య నుంచి కప్పు ఉన్న సందులు ఉంటాయి, వానకు తడవకుండా పట్టుబట్ట మోసుకుపోయే దారులవి.

నేతగాళ్ళ ఇల్లు అనే చిన్న మ్యూజియంలో మగ్గం ఆడించి చూపించారు. చెప్పేదంతా ఫ్రెంచి. నాకు ముక్క అర్థం కాలేదు. మా ఇంటామె మాత్రం ముందుకు పోయి నిలబడి, చూపిస్తున్న అమ్మాయి నాడె విసరక ముందే "ఇగో, ఇప్పుడు తొక్కుతది" అంటున్నది. పోగు తెగితే ఆ అమ్మాయి ముడేసిన తీరు చూసి, "మనోళ్ళ లెక్కనే" అన్నది. ఆ అమ్మాయికి తెలుగు రాదు, అయినా నవ్వింది.

1831 నవంబరులో అక్కడి నేతగాళ్ళు తమ పనికి కనీస ధర కట్టమని తిరగబడ్డారు. సైన్యం దింపారు. రెండు వందల ఏళ్ళ కిందటి ఆ గొడవ, మన దగ్గర మాస్టర్ వీవరుకు, కూలి నేసేవాడికి మధ్య ఉండే గొడవకు చాలా దూరం కాదు. ఆ సాయంత్రం మా ఇద్దరికీ మాటలు తక్కువయ్యాయి.

లియోన్ నుంచి బార్సిలోనాకు పగలంతా బస్సు. డ్రైవరు నియమం ప్రకారం ఆపి విశ్రాంతి తీసుకుంటుంటే నాకు ముచ్చటేసింది. బార్సిలోనాలో రాత్రి ఓడ ఎక్కితే పొద్దున్నే మయోర్కా దీవి. రాత్రి ప్రయాణమైతే ఒక రోజు గది అద్దె మిగులుతుంది. కుర్చీలోనే పడుకున్నాం, నడుము పట్టేసింది. అరవై దాటినవాళ్ళు డబ్బు చూసుకోకుండా పడక తీసుకోండి.

ఆ దీవికి ఎందుకంటే, అక్కడ మనలాగే నూలుకు ముందే రంగు కట్టి నేసే బట్ట ఉంది. వాళ్ళ భాషలో నాలుకల బట్ట అంటారు, రంగు అంచులు మంట నాలుకల్లా ఉంటాయి కాబట్టి. పాల్మా పట్నం నుంచి ఇరవై నిమిషాలు రైలులో పోతే సాంతా మరియా అనే ఊరు, అక్కడ ఒక కుటుంబం నడిపే నేత కార్ఖానా ఉంది. మా ఇంటామె సంచిలోంచి మన డబుల్ ఇక్కత్ రుమాలు తీసి బల్ల మీద పరిచింది. అక్కడున్న పెద్దామె దాన్ని తిరగేసి, మళ్ళీ తిరగేసి, వేళ్ళతో పడుగు చూపించి, పేక చూపించి, రెండూనా అన్నట్టు చూసింది. ఈమె రెండు వేళ్ళు చూపించింది. ఆమె ఇంకొకరిని పిలుచుకొచ్చింది. అరగంట వాళ్ళు ముగ్గురూ చేతులతోనే మాట్లాడుకున్నారు. నేను ఫోన్లో అనువాదం పెట్టబోతే, "నువ్వు జర ఆగు" అన్నది మా ఆమె. రుమాలు అక్కడే ఇచ్చి వచ్చింది. వాళ్ళిచ్చిన నీలం నాలుకల బట్ట ముక్క ఇవాళ ఆమె సంచిలో ఉంది, చూడాలనుకున్నవాళ్ళు అడగండి.

వచ్చేటప్పుడు బార్సిలోనాకు చవక విమానం ఎక్కాం. సంచి కొలత రెండు వేళ్ళు ఎక్కువుందని గేటు దగ్గర టికెట్టు కంటే ఎక్కువ కట్టించుకున్నారు. కొనే ముందు సంచిని టేపుతో కొలుచుకోండి. పారిస్, బార్సిలోనా మెట్రోల్లో జేబు జాగ్రత్త. ఏ దేశంలోనైనా ఆపదకు 112.

1830లో ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు నుంచి కాశీకి పోతూ మన హైదరాబాదు మీదుగా వెళ్ళారు. ఏ ఊళ్ళో ఏం దొరుకుతుంది, ఎక్కడ దిగడానికి వసతి ఉంది అని దారి పొడుగునా రాసిపెట్టారు, వెనక వచ్చేవాళ్ళకు పనికొస్తుందని. నాకంత చెయ్యి లేదు గాని, మా కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి తెచ్చాను: తిరస్కరించిన ఉత్తరం, రెండోసారి పెట్టిన ఉత్తరం, రోజువారీ లెక్క. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఉంది. ఎదురుగా జిరాక్స్ షాపు ఇవాళ తెరిచే ఉంచమని చెప్పాను. కాపీ తీసుకొని ఫైలు మాత్రం వెనక్కి ఇవ్వండి, వచ్చే ఏడు మా వదినె వాళ్ళు అడిగారు.

సెలవు.