అమెరికా చలికాలంలో 'ఆల్ సీజన్' టైర్లు

(సంఘం సర్వసభ్య సమావేశంలో, టైర్ల విభాగంలో పనిచేసి రిటైరైన సభ్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిలు, లైఫ్ సర్టిఫికెట్ల సంగతి అయ్యాక టైర్ల గురించి ఎవరు వింటారండీ అని కార్యదర్శి గారిని అడిగాను. "మనవాళ్ల పిల్లలు ఎంతమంది అమెరికాలో లేరు? వినకేం చేస్తారు, మాట్లాడండి" అన్నారు. కనుక తప్పు ఏదైనా ఉంటే ఆయనదే.

మా అబ్బాయి మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ పక్కన ఉంటాడు. కార్ల కంపెనీల ఊరు కాబట్టి మనవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. నేను వెళ్లగానే ఇల్లు చూడకుండా ముందు కారు టైర్లు చూశానని మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. బస్సు టైర్ల మధ్య సర్వీసంతా గడిపినవాడికి చూపు అక్కడికే పోతుంది మరి. టైరు పక్కగోడ మీద 'ఆల్ సీజన్' అనీ, 'ఎం ప్లస్ ఎస్' అనీ ఉంది. "అన్ని కాలాలకూ ఇవే నాన్నా, చలికాలానికి వేరే సెట్టు కొనడం దండగ" అన్నాడు మావాడు. కారు వెనక సీటులో మనవడి కుర్చీ బిగించి ఉంది. కోడలు ఆసుపత్రిలో పనిచేస్తుంది. తెల్లవారుజామున, రోడ్ల మీద మంచు ఇంకా ఎత్తకముందే బయల్దేరాలి. ఇక నేను ఊరుకోగలనా?

పూర్వం ఆ దేశంలో చలికాలం రాగానే టైర్లు విప్పి మంచు టైర్లు వేసుకోవడం, వసంతంలో మళ్లీ మార్చడం పెద్ద తతంగం. 1977లో గుడ్‌ఇయర్ వారు 'టియెంపో' అనే టైరు తెచ్చి, ఏడాది పొడుగునా ఇదొక్కటే చాలన్నారు. జనం హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. అప్పటినుంచీ అక్కడ కొత్త కార్లలో చాలావాటికి ఆల్ సీజన్ టైర్లే వస్తున్నాయి. ఆ మాటలో అబద్ధం లేదు కాని, అన్ని కాలాల్లోనూ నడుస్తుందంటే అన్ని కాలాల్లోనూ బాగా నడుస్తుందని అర్థం కాదు. అన్ని రోగాలకూ ఒకే మాత్ర ఇచ్చే డాక్టరు దగ్గరికి మనం వెళ్తామా?

అసలు సంగతి రబ్బరులో ఉంది. వేసవి టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడు కంటే చల్లబడితే గట్టిపడుతుంది. గట్టిపడిన రబ్బరు రోడ్డును పట్టుకోదు. చలికాలపు టైరును ఆ చలిలోనూ మెత్తగా ఉండేలా కలుపుతారు. దాని బటన్ల మీద కత్తితో గీసినట్టు సన్నని చీలికలు బోలెడు ఉంటాయి. అవి తెరుచుకుని మంచును కరిచి పట్టుకుంటాయి. ఆల్ సీజన్ టైరు ఈ రెంటికీ మధ్య రాజీ. మండుటెండలో మరీ అరిగిపోకూడదు, చలిలో మరీ బిగుసుకోకూడదు. అందుకే అది రెండింట్లోనూ మధ్యరకం.

ఆ 'ఎం ప్లస్ ఎస్' అంటే బురద, మంచు. వినడానికి బాగుంది కాని, ఆ ముద్ర బటన్ల మధ్య ఖాళీల అమరికను బట్టి వేసేదే. మంచు మీద నడిపి పరీక్షించి ఇచ్చేది కాదు. పరీక్షించి ఇచ్చేది వేరే ఉంది: మూడు శిఖరాల కొండ, దానిలో మంచు పువ్వు బొమ్మ. అది 1999లో వచ్చింది. కెనడాలోని క్విబెక్‌లో 2008 నుంచి చలికాలపు టైర్లు తప్పనిసరి. 2014 డిసెంబరు నుంచి ఈ కొండ బొమ్మ ఉంటేనే ఒప్పుకుంటున్నారు. జర్మనీలో కూడా 2024 అక్టోబరు నుంచి ఉత్త 'ఎం ప్లస్ ఎస్' టైర్లు మంచు రోడ్లకు చెల్లవు. మిషిగన్‌లో అలాంటి నిర్బంధం ఏదీ లేదు, ఎవరి తెలివి వారిది. కొండ బొమ్మ ఉన్న టైరైనా మంచు మీద పట్టుకే పరీక్ష నెగ్గింది. గాజులా గడ్డకట్టిన ఐసు మీద బ్రేకు ఎలా పడుతుందో ఆ పరీక్ష చెప్పదు.

ఇక్కడ కొంచెం లెక్క చెబుతాను, విసుక్కోకండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారుకు బ్రేకు పడ్డాక, పొడి రోడ్డు మీద ఆగడానికి 14 మీటర్లు కావాలి. తడి రోడ్డు మీద సుమారు 20. తొక్కిడి పడి గట్టిపడిన మంచు మీద 50 మీటర్ల దాకా. ఐసు మీద వంద! ఇవి రోడ్డు పట్టును బట్టి కట్టిన ఉజ్జాయింపు లెక్కలు. మనిషి కాలు బ్రేకు మీదికి వెళ్లే లోపు పోయే దూరం ఇందులో కలపలేదు. మంచి టైరు మంచు లెక్కను బాగానే తగ్గిస్తుంది, ఐసు లెక్కను కొంతే తగ్గిస్తుంది. మన పిల్లలు "మాది నాలుగు చక్రాల డ్రైవు" అంటూ ధీమాగా ఉంటారు. నాలుగు చక్రాలూ తిరగడం బండి కదలడానికి సాయం. ఆగడానికి మాత్రం ప్రతి కారుకూ ఉన్న నాలుగు చక్రాల బ్రేకే దానికీ ఉన్నది!

ఇంకొక వింత. మైనస్ 20లో ఉన్న ఐసు కంటే సున్నా దగ్గర కరగబోతున్న ఐసే ఎక్కువ జారుతుంది. "ఇవాళ చలి తగ్గిందిలే" అని బయల్దేరే రోజే జాగ్రత్తగా ఉండాలి. డెట్రాయిట్ నగరం కిందనే పెద్ద ఉప్పు గని ఉంది. అక్కడి రోడ్ల మీద ఉప్పు ధారాళంగానే చల్లుతారు. కాని మైనస్ 9, 10 దాటితే ఉప్పు పని మందగిస్తుంది.

వాన సంగతికొస్తే ఆల్ సీజన్ టైరును నేను మెచ్చుకుంటాను. బటన్లు నిండుగా ఉన్న మంచి రకం తడి రోడ్డును బాగానే పట్టుకుంటుంది. చిక్కల్లా అరిగాకే. టైరు మీది కాలవలు నీటిని బయటికి తోసేందుకు ఉన్నవి. అవి పూడితే టైరు నీటి మీద తేలుతుంది, స్టీరింగ్ చేతిలో ఉత్తదైపోతుంది. 1960లలో నాసా వారు విమానాల టైర్ల మీద పరీక్షించి దీనికి సూత్రం కట్టారు. గాలి పీడనానికి వర్గమూలం తీసి 10.35తో గుణిస్తే, టైరు తేలే వేగం మైళ్లలో వస్తుంది. 32 పాయింట్ల గాలి ఉంటే సుమారు 94 కిలోమీటర్లు, 25 ఉంటే 83. అంటే గాలి తగ్గితే ఇంకా తక్కువ వేగానికే తేలుతుంది. చలికి గాలి దానంతటదే తగ్గుతుంది కూడా. ప్రతి ఐదున్నర డిగ్రీలకూ ఒక పాయింటు చొప్పున, 20 డిగ్రీల్లో నింపిన 32 కాస్తా మైనస్ 10కి 27 దగ్గరికి దిగుతుంది. మావాడు అక్టోబరు తర్వాత గాలి చూసుకోలేదు. డాష్‌బోర్డు మీద పచ్చదీపం వెలుగుతుంటే "చలికి అలాగే వెలుగుతుంది నాన్నా" అన్నాడు. అవును, అందుకే వెలుగుతుంది!

చట్టం 1.6 మిల్లీమీటర్ల లోతు దాకా ఒప్పుకుంటుంది, మన దేశంలో కార్లకూ అంతే. కాని వానకు 3 మిల్లీమీటర్లు, మంచుకు 4 అయినా లేకపోతే నేను ఎక్కను. "ఇంకా బటన్లు కనిపిస్తున్నాయిగా, మరో ఏడాది లాగండి" అని పిల్లలకు పొదుపు నేర్పేది మనమే. గుండు టైరు దగ్గర ఆ పొదుపు వద్దు. కొంటే నాలుగూ కొనాలి. ముందు రెంటికీ వేసి ఊరుకుంటే, మలుపులో వెనక భాగం జారి బండి తిరిగిపోతుంది.

చివరికి మా ఇంట్లో ఏం తేలిందంటే, కోడలి కారుకు నాలుగు చలికాలపు టైర్లు వచ్చాయి. మావాడు ఆల్ సీజన్ మీదే ఉన్నాడు, మంచు పడిన రోజు ఇంటి నుంచే పనిచేసుకుంటాడు. అది న్యాయమే అనిపించింది నాకు. వెళ్లక తప్పని మనిషికి టైరు కావాలి, ఆగగలిగినవాడికి ఓపిక చాలు. మనవడి కుర్చీ మటుకు కోడలి కారులోకి మారింది.

టైరు వయసు ఎలా చూడాలని ఇందాక ఒకరు అడిగారు. పక్కగోడ మీద డి.ఓ.టి. అనే అక్షరాలున్న వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 3522 అంటే 2022లో 35వ వారం. మన కార్ల టైర్ల మీద కూడా వారం, సంవత్సరం అలాగే చదవాలి. పాత టైరు ముక్కలు రెండు తెచ్చాను, ఒకటి నిండు బటన్లది, ఒకటి గుండుది. బల్ల మీద పెడుతున్నాను, భోజనాలకు లేచేటప్పుడు వేలు పెట్టి చూడండి.