రక్తపరీక్షకు చెయ్యి చాపే ముందు



ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చి నాలుగో రోజుకీ దిగకపోతే డాక్టరుగారు ఒక చీటీ రాసిస్తారు. ఆ చీటీ పట్టుకెళ్ళి రక్తం ఇచ్చి వస్తాం. సాయంత్రానికి రిపోర్టు చేతికొస్తుంది. ఇక దాన్ని జాతకచక్రం చూసినట్టు పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూస్తాం. ఏదో ఒక అంకె లావుపాటి అక్షరాల్లో అచ్చయి కనబడితే గుండె గుభేలుమంటుంది. ఆ అంకె మనిషి ఒంట్లోంచి వచ్చిందా, లేక రక్తం తీసిన తీరులోంచి వచ్చిందా అన్న అనుమానం మాత్రం మనకు రాదు. ఈవేళ నేను మీతో ముచ్చటించబోయేది ఆ అనుమానం గురించే.

రిపోర్టు తప్పని తేలితే "ఆ లేబరేటరీలో మిషను మంచిది కాదండీ" అనేస్తాం. పాపం, మిషను! ఇటలీలోని పాదువా నగరంలో ఒక ఆసుపత్రి వైద్యులు తమ లేబరేటరీలో జరిగిన పొరపాట్లను లెక్కగట్టి 1997లో ఒకసారి, 2007లో మరొకసారి ప్రకటించారు. మొదటిసారి నూటికి 68, రెండోసారి నూటికి 62 పొరపాట్లు రక్తం మిషను దగ్గరికి చేరకముందే జరిగినవట. మిషను దగ్గర జరిగినవి నూటికి 15కి మించలేదు. ఆదిలోనే హంసపాదు అంటాం చూడండి, అదన్నమాట. ఆ ఆదిలో, రోగి మంచం పక్కన నిలబడి వుండేది ఎవరు? తల్లో, కూతురో, కోడలో. అందుకే ఈ సంగతులు డాక్టర్లకూ నర్సులకూ తెలిస్తే చాలదు, మనకీ తెలియాలి.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు పేరు దగ్గర జరుగుతుంది. మన ఆసుపత్రి వార్డులో నిలబడి "లక్ష్మిగారెవరండీ?" అని పిలిస్తే నలుగురు పలుకుతారు. మగవాళ్ళ వార్డులో "వెంకటేశ్వర్లు" అన్నా అంతే. నిద్రమత్తులో వున్నవాళ్ళు, చెముడున్న ముసలివాళ్ళు ఏ పేరు పెట్టి పిలిచినా "ఆఁ" అంటారు. కనుక రక్తం తీసేవాళ్ళు "మీరు లక్ష్మిగారేనా?" అని అడగకూడదు. "మీ పేరేమిటండీ?" అని అడిగి, రోగి నోటితో చెప్పించుకోవాలి. ఇంటిపేరుతో సహా పేరు, దానితోపాటు పుట్టినతేదీ గాని ఆసుపత్రి వారిచ్చిన నంబరు గాని సరిచూసుకోవాలి. మంచం నంబరు మీద మాత్రం ఆధారపడకూడదు. పొద్దున్న ఆ మంచం మీదున్న మనిషి సాయంత్రానికి అక్కడే వుంటుందన్న పూచీ ఏమిటి?

ఇంకోటి. ట్యూబు మీద పేరు చీటీ ఎప్పుడు అంటించాలి? రక్తం తీసిన మరుక్షణం, రోగి ఎదుటే, మంచం దగ్గరే. ముందుగానే పది ట్యూబులకు పది పేర్లు అంటించి పెట్టుకోవటం, లేదా పది మందికీ తీసేసి బల్ల దగ్గరికి వెళ్ళి తీరిగ్గా రాసుకోవటం, ఈ రెండూ ప్రమాదమే. మీరు పక్కనుంటే "బాబూ, ఆ చీటీ మీద పేరు ఒకసారి చదివి వినిపిస్తావా?" అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

ఎందుకింత పట్టుదల అంటే, రక్తం ఎక్కించవలసి వచ్చినప్పుడు ఈ చీటీయే ప్రాణాధారం. మనుషుల రక్తాల్లో గ్రూపులున్నాయని 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ అనే శాస్త్రజ్ఞుడు వెల్లడించాడు. ఒకరి గ్రూపు ఇంకొకరికి పడకపోతే, ఎక్కించిన రక్తం ఒంట్లోనే విరిగిపోయి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, ప్రాణమే పోవచ్చు. లేబరేటరీలో గ్రూపు ఎంత జాగ్రత్తగా కట్టినా, ట్యూబులో వున్నది పక్క మంచం ఆవిడ రక్తమైతే ఆ జాగ్రత్తంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకే, కొత్తగా వచ్చిన రోగికి గ్రూపు చూడటానికి చాలా చోట్ల రెండు వేర్వేరు సమయాల్లో రెండుసార్లు రక్తం తీస్తారు. ఆపరేషనుకి ముందు, కాన్పుకి ముందు అలా రెండోసారి వస్తే "ఇందాకేగా తీసుకెళ్ళారు, మా పిల్ల ఒంట్లో రక్తమంతా మీకేనా?" అని దయచేసి కసురుకోకండి.

ఇక రక్తం తీసే పద్ధతికి వద్దాం. దండచేతికి రబ్బరు పట్టీ బిగిస్తారు కదా. అది నిమిషానికి మించి వుండకూడదు. ఎక్కువసేపు కట్టి వుంచితే రక్తంలోని నీరు బయటికి వూరి, మిగిలినది చిక్కబడుతుంది. అప్పుడు ప్రొటీన్లూ, కాల్షియం, కొలెస్టరాలూ వున్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి. "పిడికిలి గట్టిగా మూయండి, తెరవండి, మళ్ళీ మూయండి" అనటం మనకు అలవాటైన మాట. అలా పదేపదే చేయిస్తే కండరాల్లోంచి పొటాషియం రక్తంలోకి దిగి అంకె పెరుగుతుంది. పిడికిలి ఒకసారి మూసి వుంచితే చాలు. స్పిరిటు దూదితో తుడిచాక అది ఆరేదాకా ఆగాలి. తడి మీదే గుచ్చితే చురుక్కుమంటుంది, రక్తకణాలూ చితుకుతాయి. సన్నటి సూదితో బలవంతంగా లాగినా, సిరంజిలోంచి ట్యూబులోకి జోరుగా చిమ్మినా కణాలకు అదే గతి. ఎర్రకణం లోపల వుండే పొటాషియం బయట వున్నదానికంటే ఇరవై రెట్లకు పైగా ఎక్కువ. కణాలు చితికితే అదంతా బయటపడుతుంది.

పొటాషియం ఏమిటి, దాని గొడవేమిటి అంటారేమో. మా వీధిలో ఒక పిన్నిగారున్నారు. అరవై దాటిన మనిషి, షుగరుంది. నీరసంగా వుందని ఆసుపత్రిలో చేర్చారు. పొటాషియం సుమారు 3.5 నుంచి 5 దాకా వుండాలి. ఆవిడకి 6.9 వచ్చింది. అంత వుంటే గుండె ఏ క్షణాన్నయినా లయ తప్పవచ్చు. వెంటనే దించే మందులు సిద్ధం చేయమని కబురు. అప్పుడు పక్కనున్న కోడలు నెమ్మదిగా అందట: "డాక్టరుగారూ, పొద్దున్న రక్తం తీసేటప్పుడు నరం దొరక్క చాలా అవస్థపడ్డారండీ. పట్టీ విప్పకుండా చాలాసేపు వెతికారు. అత్తయ్యగారిచేత పిడికిలి పదిసార్లు మూయించి తెరిపించారు." ఆ డాక్టరమ్మ ఆగింది. ఇ.సి.జి. తీయిస్తే గుండె నిక్షేపంగా వుంది. రెండో చేతినుంచి జాగ్రత్తగా రక్తం తీసి మళ్ళీ పంపితే 4.4! మొదటి ట్యూబులో పసుపుపచ్చగా తేలవలసిన నీరు గులాబీరంగులో వుందని లేబరేటరీవారూ చెప్పారు. సరిగా వున్న పొటాషియాన్ని మందులతో ఇంకా దించివుంటే? అది తగ్గినా గుండెకి ముప్పేనట. ఆ కోడలు పెద్దగా చదువుకున్నదేం కాదు. చూసింది చూసినట్టు చెప్పింది, అంతే.

సెలైన్ ఎక్కుతున్న చేతినుంచి రక్తం తీయబోతే తప్పకుండా అడ్డు చెప్పండి. గ్లూకోజు ఎక్కుతున్న చేతినుంచి తీస్తే షుగరు ఆకాశానికంటుతుంది, మిగిలినవన్నీ నీళ్ళు కలిసిన పాలలా పలచబడతాయి. రెండో చెయ్యి చూపించండి. డయాలిసిస్ కోసం నరం కలిపి కుట్టిన చేతినీ, రొమ్ము ఆపరేషను అయిన వైపు చేతినీ కూడా ముట్టుకోనివ్వకూడదు.

రంగురంగుల మూతల ట్యూబులు చూసే వుంటారు. ఆ రంగులు అందానికి కాదు. వూదారంగు మూతలో రక్తం గడ్డకట్టకుండా మందు వుంటుంది. అది పొటాషియం కలిసిన ఉప్పు, పైగా కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. కాబట్టి "ఆ ఎర్రమూత దాంట్లో కాస్త తగ్గింది" అని ఇందులోంచి అందులోకి వంపితే పొటాషియం విపరీతంగా పెరిగి, కాల్షియం అడుగంటినట్టు రిపోర్టు వస్తుంది. అందుకే ఏది ముందు నింపాలి, ఏది తర్వాత అన్న వరస కూడా వుంది: నీలం, తర్వాత ఎర్ర లేక పసుపు, తర్వాత ఆకుపచ్చ, ఆపైన వూదా, చివర బూడిదరంగు. నీలం మూత ట్యూబులో తొమ్మిది పాళ్ళ రక్తానికి ఒక పాలు మందు. గీత దాకా నిండాల్సిందే. ఎసరు కొలత తప్పితే అన్నం ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

నింపాక ట్యూబుని మెల్లగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేసి మందు కలపాలి. నీలం మూతదానికి మూడు నాలుగుసార్లు చాలు. మజ్జిగ చిలికినట్టు గిలకొట్టకూడదు. అసలు కలపకపోతే మరో చిక్కు, సన్నటి గడ్డలు కడతాయి. వానాకాలంలో డెంగ్యూ జ్వరాల రోజుల్లో ప్లేట్‌లెట్ల కోసం ఎన్ని ఇళ్ళు అల్లాడిపోతాయో మీకు తెలుసు. లక్షన్నరకు పైన వుండవలసినవి నలభైవేలే వున్నాయంటే ఇంటిల్లిపాదికీ అన్నం సహించదు. నిజంగా తగ్గి వుండవచ్చు, కాదనను, అశ్రద్ధ చేయమనీ అనను. కాని గడ్డకట్టిన ట్యూబులో ప్లేట్‌లెట్లు ఆ గడ్డలో చిక్కుకుపోతాయి. మిషను మిగిలినవే లెక్కబెడుతుంది. కొందరి రక్తంలోనైతే ఆ వూదామూత మందుకే అవి గుంపులు కడతాయి. మనిషి తీరుకీ అంకెకీ పొంతన లేనప్పుడు "గాజుపలక మీద రక్తం చుక్క పరచి సూక్ష్మదర్శినిలో చూశారాండీ?" అని అడగటం మన హక్కు. మళ్ళీ తీసిన రక్తం, అవసరమైతే నీలం మూత ట్యూబులో తీసిన రక్తం, అసలు సంగతి చెబుతుంది.

ఇప్పుడు ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్ళే కుర్రాళ్ళున్నారు. మంచి సౌకర్యమే. అయితే ఆ సంచీ స్కూటరు మీద ఇంకా ఎన్ని ఇళ్ళు తిరుగుతుందో కనుక్కోండి. ట్యూబులో వున్నా రక్తకణాలు బతికే వుంటాయి, ఆకలికి అందులోని చక్కెరనే తింటూ వుంటాయి. గంటకి నూటికి 5 నుంచి 7 పాళ్ళు తరిగిపోతుంది. బూడిదరంగు మూత ట్యూబులోని మందు దాన్ని ఆపుతుందిగాని, ఆ మందు పూర్తిగా పనిచేయటానికీ గంట పైనే పడుతుంది. పొద్దున్నే తీసిన రక్తం మధ్యాహ్నానికి చేరితే షుగరు అదుపులో వుందని మురిసిపోతాం. పోనీ ఫ్రిజ్‌లో పెడదామంటే, కణాలు వేరుచేయని రక్తానికి చలి తగిలితే పొటాషియం పెరుగుతుంది! తీసిన టైము చీటీ మీద వేయించండి.

పరగడుపు సంగతి మీకందరికీ తెలిసిందే. ఎనిమిది గంటలు తక్కువ కాకుండా ఏమీ తినకూడదు, మంచినీళ్ళు తాగవచ్చు. "ఒక్క గుటక కాఫీయే కదా" అనే పెద్దవాళ్ళుంటారు, ఆ గుటకలో పాలూ పంచదారా వున్నాయి. జుట్టు రాలుతోందని వాడే బయోటిన్ మాత్రలు కొన్ని థైరాయిడ్ పరీక్షల్ని తారుమారు చేస్తాయని 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అవి వేసుకుంటున్నవారు ఆ మాట ముందే డాక్టరుకి చెప్పాలి.

ఇన్ని చెప్పానని లేబరేటరీవాళ్ళతో తగవుకు దిగకండి. ముందు అరవైమంది వరసలో నిలబడి, వెనక నుంచి "ఇంకా ఎంతసేపు?" అని అరుస్తూ వుంటే ఆ సూది పట్టుకున్న అమ్మాయి చెయ్యి తొందరపడదూ? నన్నడిగితే, తప్పుల్లో సగం ఆ తొందరలోంచే పుడతాయి. "రక్తం చితికింది, మళ్ళీ ఇవ్వాలి" అని కబురు చేసిన లేబరేటరీ మంచి లేబరేటరీ. చితికిన దాని మీదే ఏదో అంకె వేసి పంపేవాళ్ళను చూసి భయపడాలి.

చంటిపిల్లలకు మడమ దగ్గర గుచ్చి తీస్తారు. మొదటి చుక్క తుడిచెయ్యాలి. మడమని పిండకూడదు, పిండితే కండలోని నీరు కలిసి రక్తం పలచబడుతుంది. పాదం ముందుగా గోరువెచ్చగా వుంచితే రక్తం దానంతటదే వస్తుంది.

ఇంట్లో వేలు గుచ్చి షుగరు చూసుకునేవారికి కూడా ఒక్క మాట. మామిడిపండు వలిచి పిల్లలకు పెట్టి, అదే చేత్తో వేలు గుచ్చుకుంటే చర్మానికంటిన తీపి ఆ చుక్కలో కలిసి అంకె ఎక్కడికో పోతుంది. స్పిరిటు దూదితో తుడిస్తే చాలదు. చెయ్యి సబ్బునీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడుచుకుని అప్పుడు గుచ్చుకోండి.