పెళ్ళి లెక్కల్లో పిల్ల ఎక్కడ?

(కుందుర్పిలో జరిగిన మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెళ్ళి ఖర్చుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. వరకట్న చావుల గురించి మనం చాలా సభల్లో మాట్లాడుకున్నాం. ఇవాళ అంతకు ముందు జరిగేదాని గురించి మాట్లాడుకుందాం. పెళ్ళి ఒక్కరోజులో జరిగేది కాదు. పదిహేను, ఇరవై ఏళ్ళపాటు ఇంట్లో దానికి తయారీ నడుస్తూనే ఉంటుంది. ఆ తయారీలో ఆడపిల్ల బతుకు ఎట్లా ఖర్చయిపోతుందన్నది నా ప్రశ్న.

నిన్న సాయంత్రం ఇక్కడికి దగ్గరి పల్లెలో ఒక అక్క ఇంట్లో కూర్చున్నాను. అటక మీద స్టీలు బిందెలు, గిన్నెలు పాత చీరలో మూటగట్టి ఉన్నాయి. సంతలో ఒకటి, జాతరలో ఒకటి కొంటూ వచ్చిందట. ప్రతిదాని మీదా కూతురి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించింది. ఆ పిల్ల తొమ్మిదో తరగతి చదువుతోంది. "పెండ్లి ఎప్పుడక్కా?" అని అడిగాను.

"శెనక్కాయ బాగా పండితే వచ్చే మాఘంలోనే చేసేస్తాం."

"పండకపోతే?"

"పండకపోతే మేం బెంగుళూరుకు పోవల్ల గదా. ఈడొచ్చిన పిల్లను యాడ వదిలిపెట్టి పోయేది? అప్పో సప్పో చేసి ఒక చేతిలో పెట్టి పోతాం."

విన్నారు కదా. వానొస్తే చేతిలో డబ్బుందని పెళ్ళి. రాకపోతే ఇంట్లో కాపలా లేదని పెళ్ళి. ఆ అక్క కసాయి తల్లి కాదు. పిల్ల బాగుండాలనే బిందె బిందే కూడబెట్టింది. పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి చేయకూడదని కూడా ఆమెకు తెలుసు. అయినా ఆమె ముందున్న దారులన్నీ పెళ్ళి దగ్గరికే పోతున్నాయి.

దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో మనది ఒకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. జూన్, జులైల్లో విత్తనం వేస్తే అక్టోబరు, నవంబరుల్లో కాయ పీకుతాం. అమ్మి, అప్పులు పోగా మిగిలింది చేతికొచ్చేసరికి పుష్యం. ఆ వెంటనే మాఘం, పెళ్ళి ముహూర్తాలు. పదో తరగతి పరీక్షలు ఎప్పుడు? మార్చిలో. అంటే పంట కాలం, పెళ్ళి కాలం ఒకదానితో ఒకటి చక్కగా అమరాయి గానీ, ఆ రెండూ కలిసి పిల్ల పరీక్షను మింగేస్తున్నాయి.

ఇది ఎవరి ఇంట్లోనో జరిగిన కథగా చెప్పడం లేదు. మాదీ ఈ జిల్లాయే. మా నాన్న దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. అక్క పేజీ మీద "పెండ్లి" అనీ, తమ్ముడి పేజీ మీద "చదువు" అనీ రాసుకున్నాడు. అక్క ఇంటర్ రెండో ఏడులో ఉండగా పంట బాగా వచ్చింది. మళ్ళీ ఇట్లాంటి ఏడు ఎప్పుడొస్తుందోనని పరీక్షలకు ముందే పెళ్ళి చేసేశారు. తర్వాత వరసగా పంటలు పోయాయి. "పెండ్లి" అని రాసిన నా పేజీ నిండలేదు. నాకు ప్రభుత్వ హాస్టల్లో సీటు ఉండింది కాబట్టి, నన్ను ఎక్కడ వదలాలన్న బాధ ఇంట్లో వాళ్ళకు లేకపోయింది. నన్ను డాక్టరేట్ చేసిందని పొగుడుతారు. నాకంటే అక్కే బాగా చదివేది. నా పెళ్ళికి డబ్బు చాలలేదు, హాస్టలు దొరికింది. మా ఇద్దరికీ ఉన్న తేడా అంతే.

ఇదంతా మన కరువు వల్లనో, మన ఆచారం వల్లనో అనుకుంటాం. అందుకే చైనా సంగతి కొంచెం చెబుతాను. అక్కడి షావోషింగ్ ప్రాంతంలో ఆడపిల్ల పుట్టగానే బియ్యంతో చేసిన సారాయి జాడీలో పోసి భూమిలో పాతిపెట్టేవారు. పెళ్ళినాడు తవ్వి తీసేవారు. పాతకాలపు చైనా పెళ్ళిలో ఆరు మెట్లుండేవి: సంబంధం అడగడం, పిల్ల పేరూ పుట్టిన ఘడియా అడగడం, శకునం చూడడం, కానుకలు పంపడం, ముహూర్తం పెట్టడం, పెళ్ళికొడుకు వచ్చి తీసుకుపోవడం. పిల్ల పేరు అడుగుతారు, పుట్టిన వేళ అడుగుతారు. ఆమె ఇష్టం అడగడానికి మాత్రం ఒక్క మెట్టూ లేదు.

అక్కడ డబ్బు పోయే దిక్కు మనకు ఎదురు. మగపెళ్ళివారు ఆడపిల్ల తల్లిదండ్రులకు త్సాయ్‌లీ ఇవ్వాలి. మన ఓలి లాంటిదే. 1950 వివాహ చట్టం బలవంతపు పెళ్ళిళ్ళను, పెళ్ళి పేరుతో డబ్బు గుంజడాన్ని నిషేధించింది. అయినా 1970ల నాటికి చేతి గడియారం, సైకిలు, కుట్టుమిషను ఇస్తేనే పెళ్ళి అనే రివాజు వచ్చింది. ఆడపిల్లల్ని కడుపులోనే చంపుకున్న ఫలితంగా తర్వాత పల్లెల్లో పెళ్ళికూతుళ్ళు కరువై త్సాయ్‌లీ విపరీతంగా పెరిగింది. ఆ తగాదాలు తీర్చడానికి 2024లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ప్రత్యేకంగా నియమాలు ప్రకటించాల్సి వచ్చింది. ఆడవాళ్ళు తక్కువైతే వాళ్ళకు విలువ పెరుగుతుందనేవాళ్ళు మనలోనూ ఉన్నారు. అక్కడ పెరిగింది ధర. ఆమె మాటకు విలువ పెరగలేదు.

మనకూ రెండు దిక్కులూ తెలుసు. గురజాడ 'కన్యాశుల్కం' మొదటిసారి ఆడింది 1892లో. మన వైపు చాలా కులాల్లో ఓలి పోయి కట్నం వచ్చింది. డబ్బు దిక్కు మారింది, లెక్క పుస్తకం మాత్రం పిల్ల చేతికి రాలేదు.

"కట్నం ఇచ్చాం కదా, ఇంక భాగం ఎందుకు?" అంటారు. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ నేరమే. ఒకవేళ ఎవరైనా తీసుకుంటే మూడు నెలల్లోగా ఆ స్త్రీకే అప్పజెప్పాలని ఆరో సెక్షను చెబుతోంది. ఎంతమందికి అప్పజెప్పారు? కట్నం అత్తింటికి పోయింది. భూమి అన్నదమ్ములకు పోయింది. మన రాష్ట్రం హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన హక్కు తెచ్చినప్పుడు, 1985 సెప్టెంబరు 5కు ముందు పెళ్ళయిన వాళ్ళకు అది వర్తించదన్నారు. పెళ్ళి తేదీయే హక్కును మింగేసింది. 2005 కేంద్ర సవరణ వచ్చాక పెళ్ళయిన కూతురికీ కొడుకుతో సమానంగా హక్కుంది. పాసుపుస్తకాల్లో మన పేర్లు ఎన్ని? బిందె మీద పేరు కొట్టించే అమ్మ, ఆ పేరు భూమి మీదికి ఎక్కించమని ఇంట్లో అడగలేకపోతోంది.

మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. సంఘంలో గేదెలకని అప్పు రాయించుకుని పెళ్ళిళ్ళకు వాడుతున్న సంగతి అందరికీ తెలుసు. పిల్ల వయసెంతో అడగకుండా మనమే చేతులెత్తి ఒప్పుకుంటున్నాం. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం అట్లాంటి పెళ్ళి జరిపించినవాళ్ళూ, ప్రోత్సహించినవాళ్ళూ శిక్షార్హులే. అప్పిచ్చి మనం చేస్తున్నదేమిటి?

అందుకని మూడు పనులు ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, పెళ్ళికని అప్పడిగితే పిల్ల వయసు కాగితం చూడాలి, పిల్లతో విడిగా మాట్లాడాలి. రెండు, పిల్ల కోసం దాచే డబ్బు పిల్ల పేరనే ఖాతాలో ఉండాలి. పద్దెనిమిది నిండాక చదువుకో, పనికో, పెళ్ళికో ఆమే నిర్ణయించుకోవాలి. మూడు, వలస పోయే నెలల్లో పిల్లలుండడానికి హాస్టలు సీట్ల కోసం అధికారుల దగ్గరికి పంట పీకకముందే పోవాలి. మాఘం వచ్చాక పోతే పందిట్లో తగాదా తప్ప ఏమీ మిగలదు.

నిన్న ఆ పిల్లను కూడా అడిగాను, ఏం చేయాలనుందని. వాళ్ళమ్మ వైపు చూసి, "పది రాయల్ల" అంది. వాళ్ళమ్మ ఇవాళ ఈ సభలోనే కూర్చుని ఉంది. ఆమెను వేలెత్తి చూపడానికి ఈ మాట చెప్పడం లేదు. వాన రాకపోయినా ఆ పిల్ల పరీక్ష రాయాలంటే ఆ అమ్మకు మనం ఏ సాయం చేయగలమో, లేచి వెళ్ళేలోపల మాట్లాడుకుందాం.