గొల్ల రామవ్వ చెప్పిన అబద్ధం

(ఒక గ్రంథాలయంలో విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల మాకు ఇచ్చిన అంశం ‘సాహిత్యంలో మనిషి స్వభావం, నీతి’. పెద్ద మాటలే. ధర్మరాజు దగ్గర మొదలువెట్టి గంటన్నర చెప్పొచ్చు. అంత చదువు మాకు లేదు, అంత ఓపిక మీకూ ఉండదు. ఒక కథ, రెండు పుస్తకాల ముచ్చట చెప్పి కూసుంటం. మూడూ మన గడ్డ మీద పుట్టినవే. ఉద్యమంల మనం వీటి పేర్లు మస్తుగ వాడుకున్నం. చదివినోళ్లం మాత్రం తక్కువ. మేము కూడా అందుల ఉన్నోళ్లమే. పేర్లు ముందు నేర్చుకున్నం, పుస్తకాలు తర్వాత తెరిచినం.

ముందు కథ. 1949లో ‘కాకతీయ’ పత్రికలో ‘విజయ’ అనే కలం పేరుతో ‘గొల్ల రామవ్వ’ అచ్చయింది. రాసింది పి.వి. నరసింహారావు. తర్వాత ఆయన ముఖ్యమంత్రి అయిండు, ప్రధానమంత్రి అయిండు. ఆ పదవుల్ల ఆయన చేసినవి, చెయ్యనివి వేరే లెక్క, ఆ లెక్క ఈ కథ మీద వెయ్యొద్దు. ఇది రాసిన మనిషి అప్పటికి ఇంకా ఇరవైల వయసోడు. నిజాం మీద కొట్లాటల తిరిగి, సరిహద్దు క్యాంపు చూసొచ్చినోడు.

కథ చిన్నది. నడిరాత్రి. గుడిసెల ఒక ముసలవ్వ, ఆమె మనుమరాలు. పోలీసులు తరుముతుంటే ఒక పిలగాడు ఆ గుడిసెల జొరబడుతడు. తుపాకి పట్టిన పిలగాడు. అవ్వ ముందు గాబరైతది, తర్వాత వాని అవస్థ చూసి కడుపుల ఇంత పడేస్తది, గాయాలకు సేవ చేస్తది. ఇంతల పోలీసులు రానే వస్తరు. అప్పుడు అవ్వ ఏం చేసింది? వాని వేషం మార్చింది. మనుమరాలి పక్కన పండవెట్టింది. ఇంటి పిలగాడేనని నిలబడి చెప్పింది.

జెర ఆగి ఆలోచిద్దాం. ఊర్ల నీతి అంటే ఏంది? ఆడివిల్ల పరువు. వయసొచ్చిన మనుమరాలి పక్కన పేరు తెలియని మొగపిలగాన్ని పండవెడితే రేపు ఊరు ఏమంటది? సర్కారు ముంగట అబద్ధం ఆడితే చట్టం ఏమంటది? చట్టం, ఊరు, రెండు లెక్కలల్లనూ అవ్వ తప్పు చేసింది. అయినా కథ చదివినోడు ఒక్కడు కూడా అవ్వను తప్పువట్టడు. ఆ అవ్వకు రాజకీయం తెల్వదు, స్టేట్ కాంగ్రెస్ అంటే తెల్వదు, సిద్ధాంతం తెల్వదు. తలుపు లోపటికి వచ్చినోడు బతకాలె, అంతే. ఆమె నీతి ఆ గడపంత ఉన్నది. మన ఉపన్యాసాలల్ల నీతి ఎప్పుడూ జెండా అంత ఉండె.

రెండోది వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’. ఆళ్వారుస్వామి 1915లో పుట్టిండు, 1961లో పోయిండు. నలభై ఆరేండ్లు కూడా నిండలే. ఇండ్లల్ల వంట చేసిండు, హోటల్ల పని చేసిండు, పత్రికల ప్రూఫులు దిద్దిండు. 1938లో సికింద్రాబాద్‌ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకొని ఊరూరు తిరిగి అమ్మిండు. దాశరథితోని కలిసి నిజామాబాద్ జైల్ల ఉన్నడు. ఆ జైలు గోడ మీద దాశరథి బొగ్గుతోని పద్యం రాసిన ముచ్చట మీకందరికీ తెలుసు, ఉద్యమ సభలల్ల అది చెప్పనోడు లేడు. కానీ అదే జైళ్ల అనుభవంతోని ఆళ్వారుస్వామి ఏం రాసిండో అడిగితే సప్పుడు రాదు.

రాజకీయ ఖైదీ జైల్ల పడితే ఏం రాస్తడు? తన త్యాగం రాస్తడు, తనకు పడ్డ దెబ్బలు రాస్తడు. రాయొచ్చు, తప్పు కాదు. ఆళ్వారుస్వామి మాత్రం పక్క బ్యారక్ దిక్కు చూసిండు. అక్కడున్నది దొంగలు, హంతకులు. జేబులు కొట్టి ఒకసారి, కడుపు కాలి ఒకసారి, మళ్లీ మళ్లీ అదే గేట్ల నుంచి వచ్చెటోళ్లు. ‘నువ్వు ఎట్ల వచ్చినవ్?’ అని వాళ్ల పక్కన కూసొని ఇన్నడు. వాళ్లను దేవుళ్లను చెయ్యలే, చేసిన నేరం దాచలే. ఆ మనిషి దొంగ కాకముందు ఏముండెనో, ఎవరు, ఏ అవసరం అటు నెట్టినయో వెతికిండు. కాలర్ మడిచి నిలబడ్డ జైలరు కంటే, తెల్ల బట్టల నాయకుని కంటే, ఖైదీ మనసు లోతుగ తవ్విండు. త్యాగం చేసినోనికి ‘నేను మంచోన్ని, వీళ్లు చెడ్డోళ్లు’ అనే గర్వం అన్నింటికంటే జల్ది వస్తది. ఆయనకు ఆ గర్వం అంటలే.

మూడోది దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’. సిన్మా కూడ వచ్చింది కాబట్టి కొంతమందికి ఎరుకే. నిజాం కాలపు ఊరు, గడీల దొర, కరణం, ఆడబాపలు. ఆడబాప అంటే ఇప్పటి పిల్లలకు చెప్పాలె: దొరసానితోని పెండ్లికి సామానుతోపాటు పంపిన ఆడివిల్ల. పేరుకు దాసి, ఆమె బతుకు మాత్రం గడీల మొగోళ్ల ఇష్టం. ఆ ఊరికి ఆంధ్ర నుంచి ఒక సంగీతం పంతులు సారంగపాణి వస్తడు. నవల సగం వాని కండ్లతోని చూస్తం.

ఉద్యమం మనిషికి ఈ నవల గొంతుల అడ్డం పడ్తది. ఆడబాపను ఎవరు చెరిచిండ్రు? వెట్టి ఎవరు చేయించిండ్రు? మన భాష మాట్లాడినోడే, మన బోనాలు చూసినోడే. బయటి నుంచి వచ్చినోడు అదంత చూసి బిత్తరపోతడు. మన నీళ్లు, నిధులు, నియామకాలు పోయినయన్నది నిజం. లెక్కలతోని చెప్పినం, కొట్లాడి గెలిచినం. అది వేరు. దాని పక్కపొంటి ఇంకో మాట నెమ్మదిగ జొరబడ్డది: ఇటు పుట్టినోడు మంచోడు, అటు పుట్టినోడు దోపిడీదారు. దోపిడీకి జిల్లా లేదని రంగాచార్య ఎప్పుడో రాసి పెట్టిండు. అయినా మన వేదికల మీద గడీల వారసులు ముందు వరుసల కూసున్నరు, మనం వాళ్ల మెడల దండలు ఏసినం.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పాలె. చెప్పకపోతే పై మాటలన్నీ ఉత్తవే.

2011. సకల జనుల సమ్మె. సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు. ఉద్యోగులు జీతాలు ఒదులుకున్నరు, బస్సులు ఆగినయ్, బడులు ఆగినయ్. మేము హాస్టల్ల ఉన్నం. మా వరండాల, చివరి రూముల, అటు జిల్లాల పిలగాడు ఒకడు ఉండె. ఎవరి జోలికి పోయెటోడు కాదు. ఒక రాత్రి మేము నలుగురైదుగురం వాని పెట్టె తెచ్చి బయట పెట్టినం. కొట్టలే, తిట్టలే. ‘తెల్లారెవరకు పో’ అన్నం. వాడు ఏం అనలే, పెట్టె పక్కన నిలబడ్డడు. అప్పుడు మాకు అది ఉద్యమమే అనిపించింది. రాత్రి మంచిగనే నిద్ర పట్టింది.

తెల్లారి చూస్తే పెట్టె లేదు, పిలగాడు లేడు. మెస్సుల వంట చేసే పెద్దమనిషిని అడిగినం. నల్లగొండ దిక్కు ఆయన, మా అందరికంటే ముందు జై తెలంగాణ అనెటోడు. ‘ఊరికి పోయిండు బిడ్డా, బస్సు ఎక్కించిన’ అన్నడు. బస్సులు నడుస్తలేవు కదా అని మాకు తోచనే లేదు. తర్వాత తెలిసింది, ఎనిమిది రోజులు తన అర్ర లోపట పెట్టుకొని అన్నం పెట్టిండట.

‘గొల్ల రామవ్వ’ మేము చదివింది ఆ తర్వాత మూడేండ్లకు. అందరి లెక్కనే మేము కూడా అవ్వ పక్కన, ఆ పిలగాని పక్కన, గుడిసె లోపటనే ఉన్నమనుకుంట చదువుతున్నం. సగంల చెయ్యి ఆగింది. తలుపు బయట నిలబడి ‘ఎవడున్నడు లోపట?’ అని అడిగినోళ్లల్ల మేము ఉన్నం.

2014 జూన్ 2 నాడు ఆ పెద్దమనిషిని వెతుక్కుంట పోయినం. మిఠాయి డబ్బా తీస్కపోయినం. ఆయన ఒకటి నోట్ల వేసుకొని, మా తలలు నిమిరి, ‘మంచిగైంది బిడ్డా, వచ్చింది’ అన్నడు. కొంచెం సేపటికి అడిగిండు, ‘ఆ పిలగాడు యాడున్నడో ఎరుకేనా మీకు?’

మాకు ఎరుక లేదు. వాని ఇంటిపేరు కూడ మాకు యాదికి లేదు.