తలపుతో కదలు యంత్రము



పక్షవాతమున చేయి పడిపోయినను, దానిని కదల్పవలెనను తలపు మెదడులో పుట్టుచునే యుండును. చెరువున నీరున్నది, గండి పడినది కాలువకే.

అమెరికాలో శాస్త్రజ్ఞులు 96 సన్నని సూదులుగల 4 మిల్లీమీటర్ల పలకను మెదడున నాటి, అందలి విద్యుత్సంకేతములను కంప్యూటరునకు అందించిరి. దాదాపు 15 ఏండ్లుగా కాలుసేతులాడక, మాట పడిపోయియున్న యొక వనిత తలపుమాత్రముననే యంత్రహస్తమును నడపి, కాఫీసీసా నెత్తించి త్రాగెను. 2012లో ఈ వృత్తాంతము ప్రకటితమైనది. ఎంత చిన్నపని! ఆమెకెంతటి స్వాతంత్ర్యము! 2021 నాటికి, వ్రాయుచున్నట్లు తలచినంతనే ఒక రోగికి నిమిషమునకు 90 అక్షరములు తెరపై పడినవి.

అయినను ఇది పరిశోధనదశలోనిదే. తలకు పట్టీ చుట్టి పక్షవాతము మాన్పెదమనువారికై పొలము కుదువబెట్టకుడు. మూతి వంకరపోయి, చేయి పట్టుతప్పినచో వెంటనే 108నకు ఫోను చేయుడు. రక్తపుగడ్డను కరగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఈయవలెను.