ప్రొసెక్కో: పేరును కాపాడుకొన్న ద్రాక్షరైతులు



పంట పండించుట ఒక యెత్తు. ఆ పంటకు వచ్చిన పేరును నిలుపుకొనుట మరియొక యెత్తు. ఇందుకు ఇటలీ ఈశాన్య భాగమున తయారగు ప్రొసెక్కో అను నురుగు ద్రాక్షసారాయి మంచి ఉదాహరణము.

ఒకసారి పులిసిన ద్రాక్షరసమునకు చక్కెర, ఈస్టు చేర్చి, మూత బిగించిన పెద్ద ఉక్కు తొట్టెలో మరల పులియనిత్తురు. అప్పుడు పుట్టిన బొగ్గుపులుసు వాయువు బయటికి పోలేక అందులోనే కరగును. సీసా తెరచినపుడు బుడగలై పొంగునది ఇదియే. ఈ పద్ధతికి ఇటలీలో మార్తినోత్తి 1895లో పేటెంటు పొందెను. ఫ్రాన్సులో షార్మా 1907లో దానిని మెరుగుపరచెను.

బుడగలను బట్టి ఇది మూడు విధములు. నిండుగా పొంగునది ‘స్పుమాంతే’, కొద్దిగా పొంగునది ‘ఫ్రిజాంతే’, పొంగనిది ‘ట్రాంక్విల్లో’. తీపిని బట్టియు పేర్లు గలవు. లీటరుకు చక్కెర 12 గ్రాములు మించనిది ‘బ్రూట్’. 12 నుండి 17 వరకు ‘ఎక్‌స్ట్రా డ్రై’. 17 నుండి 32 వరకు ‘డ్రై’. డ్రై అనగా తీపి లేనిదని తలంతుము గాని, ఈ మూడింటిలో ఎక్కువ తియ్యనిది అదియే! సీసాలోనే పులియబెట్టి మడ్డితో ఉంచునది ‘కోల్ ఫోందో’. గులాబి రంగు రకమును 2020లో అనుమతించిరి.

ఇక రైతునకు ముఖ్యమైన సంగతి. 2009 వరకు ప్రొసెక్కో అనునది ద్రాక్షరకము పేరు కూడ. ఆ తీగను వేరుచోట నాటినవారును ఆ పేరు వాడుకొనుటకు వీలుండెను. ఆ సంవత్సరమున ద్రాక్షకు ‘గ్లేరా’ అను పేరు స్థిరపరచి, ప్రొసెక్కో పేరును 9 జిల్లాల ప్రాంతమునకు కట్టివేసిరి. త్రియెస్తె చెంతగల ప్రొసెక్కో గ్రామము ఇందులోనిదే.

పేరుతో పాటు కట్టుబాటును వచ్చినది. నూటికి 85 పాళ్లకు తగ్గక గ్లేరా ఉండవలెను. హెక్టారుకు 18 టన్నులకు మించి కాయ దిగరాదు. కొనెల్యానో, వాల్దొబ్బియాదెనె కొండలలో హద్దు 13.5 టన్నులే, కార్తిజ్జె గుట్టపై 12 టన్నులు. దిగుబడికి హద్దు పెట్టుకొనుట నష్టమని తోచవచ్చును. కాని తీగపై మితిమీరిన కాపు ఉన్నచో పండు పలుచనగును. సరుకు వెల్లువైనచో ధర పడును.

మన బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. గుర్తింపు కాగితము మాత్రమే ధర తేజాలదు. ముదరని కాయను కోసి కార్బైడుతో మాగవేసి ఆ పేరున అమ్మినచో, కొన్నవాడు మరల రాడు. పేరు అందరిది, ఒక్కరు చెరచినను నష్టము అందరిదే. కావున కాయ ముదిరిన పిదపనే కోయుడు. రకము వారీగా, పరిమాణము వారీగా వేరుచేసి అమ్ముడు.