పేరు పెట్టి పిలుద్దాం

మన గాజువాకలో గంజాయి అలవాటైన కుర్రోళ్లని ఎదవలనే పిలుస్తున్నాం. లూకా సువార్త 19వ అధ్యాయంలో, ఊరంతా పాపి అన్న సుంకరి జక్కయ్యని యేసు పేరు పెట్టి పిలిచి, వాళ్లింటికే వెళ్లారు. ఆయన మారింది ఆ గౌరవం దొరికాకే కదా.

మా చర్చిలో మైకు పని, కుర్చీల పని ఇలాంటి కుర్రోళ్లకే ఇచ్చి, అందరి ముందూ మెచ్చుకుంటాం. మెచ్చుకోవడమంటే తప్పు కప్పెట్టడం కాదండి. గంజాయి అమ్మేవాళ్ల సంగతి ఈగల్ నంబరు 1972కి చెప్పాల్సిందే.

ఒకబ్బాయి ఇప్పుడు వెల్డింగు పనికెళ్తున్నాడు. ఇంకొకడు మళ్లీ పాత బ్యాచ్‌లోకే పోయాడు. వాళ్లమ్మ మన సభ్యురాలే, సిగ్గుపడి మీటింగులకి రావడం మానేసింది. వచ్చే నెల మీటింగు వాళ్లింట్లోనే పెడదామని నా ఆలోచన.